ఏ ఏఐ కోడింగ్ టూల్ తీసుకోవాలి? పాల లెక్క యాప్ చేయించి చూసి తేల్చుకునే పద్ధతి

మా పిన్ని తెనాలి దగ్గర ఒక ఊళ్లో ముప్ఫై రెండు ఇళ్లకు పాలు పోస్తుంది. లెక్కంతా పొడుగు నోటు పుస్తకంలో ఉంటుంది, ఇంటికొక పేజీ. పాలు వద్దన్న రోజు నాగా, అంటే తేదీ పక్కన ఇంటు గుర్తు. అరలీటరు ఎక్కువ తీసుకుంటే చుక్క. నెలాఖరున ఒక సాయంత్రమంతా కూర్చుని ఆ గుర్తులూ చుక్కలూ లెక్కేసి ఇంటింటికీ చీటీ రాస్తుంది. "ఇదంతా ఫోన్లో చేసి పెట్టలేవురా?" అని అడిగితే ఒక్క రోజు పనే కదా అనుకున్నాను. అనుకున్నట్టే మొదటి యాప్ గంటలోపు తయారైంది. అది లెక్క సరిగ్గా కట్టడానికి మాత్రం రెండు వారాలు పట్టింది.

ఏఐ కోడింగ్ టూల్స్ మధ్య తేడా బయటపడేది ఆ రెండు వారాల్లోనే. మొదటి గంటలో అన్నీ అదరగొడతాయి. యూట్యూబ్ వీడియోలన్నీ ఆ మొదటి గంట దగ్గరే ఆగిపోతాయి. అందుకని ఇక్కడ "టాప్ టెన్" జాబితా ఇవ్వడం లేదు. ధరలూ మోడళ్లూ (టూల్ లోపల నడిచే ఏఐలు) నెలనెలా మారుతుంటే అలాంటి జాబితా పాలలాంటిదే, మర్నాటికి విరిగిపోతుంది. మీ పనికి ఏది పనికొస్తుందో మీరే తేల్చుకునే పద్ధతి చెబుతాను. నాకు పాల లెక్క పనికొచ్చింది. మీకు ట్యూషన్ ఫీజులో, టెంట్ హౌస్ అద్దెలో, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సో కావచ్చు.

## మొదట: ఏ జాతి టూల్ కావాలి

పేర్లు పాతిక ఉన్నా జాతులు నాలుగే. జాతి తేలకుండా పేర్లు పోల్చడమంటే ఆటోనీ ట్రాక్టర్‌నీ మైలేజీలో పోల్చినట్టే.

ఒకటి, కోడ్ రాసే ఎడిటర్‌లో ఉండేవి. 2021 జూన్‌లో ప్రయోగాత్మకంగా వచ్చి, 2022 జూన్‌లో అందరికీ తెరుచుకున్న గిట్‌హబ్ కోపైలట్‌తో ఈ దారి ఊపందుకుంది. మొదట్లో మీరు టైప్ చేస్తుంటే తరువాతి వరస సూచించేది, అంతే. కర్సర్, విండ్‌సర్ఫ్ లాంటివి మైక్రోసాఫ్ట్ వారి ఎడిటర్ వీఎస్ కోడ్‌నే తీసుకుని దానిచుట్టూ తమ ఎడిటర్ కట్టుకున్నాయి. ఇప్పుడు వీటన్నిటిలోనూ ఏజెంట్ పద్ధతి ఉంది. పని చెబితే ఫైళ్లు తనే తెరిచి, మార్చి, నడిపి చూస్తుంది. ప్రతి మార్పూ కళ్లముందు జరగాలనుకునేవారికి ఇవి బాగుంటాయి.

రెండు, టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే తెరలో నడిచేవి. ఆంత్రోపిక్ క్లాడ్ కోడ్, ఓపెన్‌ఏఐ కోడెక్స్, గూగుల్ జెమినై సీఎల్ఐ మూడూ 2025 మొదటి ఆరు నెలల్లో వచ్చినవే. నల్ల తెర చూసి భయపడకండి. తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోల్డర్ మొత్తం చదివి, పది ఫైళ్లలో ఒకేసారి మార్పు చేయాల్సిన పనికి ఇవి బాగా సరిపోతాయి.

మూడు, బ్రౌజర్‌లోనే యాప్ కట్టి చూపేవి: లవబుల్, బోల్ట్, వీజీరో, రెప్లిట్. కంప్యూటర్లో ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. కోడ్ రానివారికి తలుపు తెరిచింది ఇవే.

నాలుగు, పని అప్పగించి వెళ్లిపోయే రకం. రెపోలో (ప్రాజెక్టు కోడంతా ఉండే చోటు) ఒక సమస్య రాసిపెడితే ఎక్కడో సర్వర్ మీద పని చేసి, మార్పుల్ని మీ ఆమోదానికి పంపుతాయి. కోపైలట్‌కీ కోడెక్స్‌కీ ఈ రూపం కూడా ఉంది. పరీక్షలు (జవాబు సరిగ్గా వస్తోందా అని తనే సరిచూసే కోడ్) బాగా రాసిపెట్టుకున్న పాత ప్రాజెక్టు ఉంటే తప్ప మొదటి యాప్‌కి వీటి జోలికి పోకండి.

వీటి పక్కన క్లైన్, ఎయిడర్ లాంటి ఓపెన్ సోర్స్ టూల్స్ ఉన్నాయి. మోడల్ మీ ఇష్టం, బిల్లు నేరుగా మోడల్ సంస్థకు కట్టుకుంటారు.

మీరు కోడ్ చదవగలిగితే ఒకటో రకంలోంచి ఒకటి, రెండో రకంలోంచి ఒకటి తీసుకోండి. చదవలేకపోతే మూడో రకంలోంచి రెండు. రెండు మూడు టూల్స్ కంటే ఎక్కువ పెట్టుకుంటే పరీక్ష పూర్తికాదు. నేను ఐదు పెట్టుకుని, నాలుగో దాని దగ్గరికి వచ్చేసరికి ముందువాటి సంగతులు మర్చిపోయాను.

## రెండు: జవాబు ముందే చేత్తో కట్టండి

పరీక్షకు పెట్టే పనికి ఒక్కటే అర్హత: సరైన జవాబు మీకు ముందే తెలిసి ఉండాలి. "మంచి ఈ-కామర్స్ సైట్ చెయ్యి" అంటే ఏది చేసినా మంచిదిగానే కనిపిస్తుంది. పాల లెక్క అయితే రూపాయి తేడా వచ్చినా పట్టుకోవచ్చు.

నేను పిన్ని పుస్తకంలోంచి ఒక ఇంటి లెక్క తీసి, పేరు మార్చి, ఇలా రాసుకున్నాను:

> జూన్ నెల. రోజుకు లీటరున్నర. 15వ తేదీ దాకా లీటరు 64 రూపాయలు, 16 నుంచి 68. నాగాలు 5, 6, 20 తేదీల్లో. 22న అరలీటరు అదనం. పాత బాకీ 350.

చేత్తో కడితే: మొదటి సగంలో 13 రోజులు, 19.5 లీటర్లు, 1,248 రూపాయలు. రెండో సగంలో 14 రోజులు, అదనంతో కలిపి 21.5 లీటర్లు, 1,462. రెండూ కలిపి 2,710. బాకీతో 3,060.

ఈ 3,060 నా కొలబద్ద. 3,138 వస్తే ఎక్కడ తప్పిందో యాప్ తెరవకుండానే చెప్పొచ్చు: 41 లీటర్లకూ కొత్త రేటే వేసింది. ఇలా తప్పు జవాబును చూసి తప్పు ఎక్కడుందో పోల్చుకోగలిగే అంకెలు ఎంచుకోండి. అన్నీ గుండ్రటి సంఖ్యలైతే రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి.

ఈ ఉదాహరణతో పాటు ఒక పేజీ నిబంధనలు రాయండి. యాప్ ఎవరికి, ఏ ఫోన్‌లో, ఏం చేయాలి, ముఖ్యంగా ఏం చేయకూడదు. నా పేజీలో పదకొండు వాక్యాలున్నాయి. "ఇల్లు మానేసినా పాత లెక్క చెరపకూడదు", "నెట్ లేకపోయినా నాగా నమోదు కావాలి", "రేటు మార్చితే పాత తేదీల లెక్క కదలకూడదు" అలాంటివి.

తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా? ఇప్పటి పెద్ద మోడళ్లకు తెలుగు బాగానే అర్థమవుతుంది. మీరు ఏ భాషలో స్పష్టంగా ఆలోచిస్తారో అందులోనే రాయండి. కాకపోతే మీ వ్యాపార పదాలకు పైన చిన్న అర్థపట్టిక పెట్టండి. నేను పెట్టలేదు. "నాగా వస్తే డబ్బు తీసెయ్యాలి" అని రాస్తే, ఒక టూల్ నాగా అనేది మనిషి పేరనుకుని ఆయనకో ఖాతా తెరిచింది.

## మూడు: అన్నిటికీ ఒకే బరి

గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ఒక రెపో తెరిచి, అందులో ఆ పేజీ ఒక్కటే పెట్టి కమిట్ చేయండి, అంటే అప్పటి స్థితిని భద్రపరచండి. టూల్‌కొక బ్రాంచ్ (విడి పాయ) చొప్పున అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఒకదానితో చేసింది ఇంకోదానికి కనిపించకూడదు. అందుకు గిట్‌లో వర్క్‌ట్రీ అనే సదుపాయం ఉంది, బ్రాంచ్‌కొక ఫోల్డర్ విడిగా ఇస్తుంది. బ్రౌజర్ టూల్స్‌కి కొత్త ప్రాజెక్టు తెరిచి అదే పేజీ అతికించండి.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. టూల్ వేరు, మోడల్ వేరు. కోపైలట్‌లోనూ కర్సర్‌లోనూ లోపల నడిచే మోడల్‌ను మీరే ఎంచుకోవచ్చు. ఒకదాంట్లో పెద్ద మోడల్, ఇంకోదాంట్లో చవక మోడల్ పెట్టి "కర్సర్ కంటే కోపైలట్ మేలు" అంటే ఆ మాటకు విలువ లేదు. వీలున్నచోట రెండింటిలోనూ ఒకే మోడల్ పెట్టండి. "ఆటో" అని ఉంటే తీసేయండి. అప్పుడు మిగిలే తేడా టూల్‌ది: ఏ ఫైళ్లు చదవాలో ఎలా ఎంచుకుంటుంది, ఎప్పుడు ఆగి అడుగుతుంది, తన పని తనే నడిపి చూసుకుంటుందా లేదా.

శాశ్వత సూచనలు పెట్టే ఫైలు కూడా అన్నిటికీ ఒకటే ఉండాలి. చాలా టూల్స్ ఏజెంట్స్ డాట్ ఎండీ అనే ఫైలు చదువుతాయి. క్లాడ్ కోడ్‌కి క్లాడ్ డాట్ ఎండీ. పేరు మార్చినా లోపల మాట ఒకటే పెట్టండి.

ఇక మీ గురించి. మొదటి టూల్‌తో తప్పు చేసి నేర్చుకున్నదాన్ని రెండోదానికి ముందే చెప్పేస్తారు, మనిషి స్వభావం అది. చివరిది గెలిచినట్టు కనిపిస్తుంది. నివారణ ఏమిటంటే, ప్రాంప్టులు (టూల్‌కి చెప్పే మాటలు) ముందే ఒక ఫైల్లో రాసిపెట్టుకుని అవే అతికించడం. అదనంగా ఏమన్నా చెప్పాల్సి వస్తే ఒక గీత గీసుకోండి. టూల్ పని ముగిశాక ఆ గీతలు లెక్కపెడతారు.

## నాలుగు: మొదటి విడత, కట్టించడం

"నిబంధనల పేజీ చదువు. కోడ్ రాయకు. నీకున్న సందేహాలు అడుగు, ఆ తర్వాత ప్లాన్ చెప్పు." నా మొదటి ప్రాంప్టు ఇంతే.

ఈ జవాబులోనే సగం తెలిసిపోతుంది. "నెల మధ్యలో కొత్త ఇల్లు చేరితే లెక్క ఎప్పటి నుంచి?" అని అడిగిన టూల్ నా పేజీలోని కంతను పట్టుకుంది. ఇంకోటి ఏమీ అడగకుండా నేను కోరని లాగిన్, డార్క్ మోడ్, గ్రాఫులు ప్లాన్‌లో పెట్టింది. పెళ్లికి పిలిస్తే బంధువర్గాన్నంతా వెంటేసుకొచ్చినట్టు. అడగనిది చేసే టూల్‌కి మార్కులు తగ్గించండి. ఆ అదనపు కోడ్‌ను రేపు మోయాల్సింది మీరే.

ప్లాన్ ఒప్పుకున్నాక కట్టనివ్వండి. గంట దాటితే ఆపండి. 3,060 వచ్చిందా చూడండి.

## ఐదు: రెండో విడత, ఉచ్చులు

అసలు పరీక్ష ఇది. ఇక్కడ తొందరపడొద్దు.

తెల్లవారుజాము ఉచ్చు. పిన్ని పాలు పోసేది ఉదయం ఐదింటికి. యాప్‌లో "ఈ రోజు" మీట నొక్కి అదనపు అరలీటరు నమోదు చేసింది. అది నిన్నటి తేదీలో పడింది. ఒకటో తేదీన నమోదు చేసింది అంతకుముందు నెల బిల్లులోకి పోయింది. నేను పరీక్షించినప్పుడు ఎప్పుడూ తప్పు రాలేదు, ఎందుకంటే నేను నిద్ర లేచేదే ఎనిమిదింటికి.

కారణం ఇది. మన సమయం యూటీసీ (ప్రపంచమంతటికీ ప్రామాణికంగా పెట్టుకున్న సమయం) కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. ఉదయం ఐదుకు యూటీసీలో ఇంకా నిన్న రాత్రి పదకొండున్నరే. జావాస్క్రిప్ట్ అనే వెబ్ కోడింగ్ భాషలో తేదీని ఐఎస్ఓ రూపంలోకి (సంవత్సరం-నెల-రోజు వరసలోకి) మార్చే ఫంక్షన్ యూటీసీ సమయమే ఇస్తుంది. దాన్లోంచి మొదటి పది అక్షరాలు కోసి "ఈ రోజు తేదీ" అనడం ఇంటర్నెట్ నిండా ఉన్న అలవాటు. ఆ కోడ్ చదివి పెరిగిన మోడళ్లు అదే రాస్తాయి. ఉదయం ఐదున్నర లోపు వాడే యాప్ ఏదైనా, పాలు, పేపరు, రైతుబజారు, నైట్ షిఫ్ట్ హాజరు, ఇందులో పడుతుంది.

పరీక్షించడం తేలిక. కంప్యూటర్ గడియారాన్ని ఉదయం ఐదుకు తిప్పి "ఈ రోజు" నొక్కండి. తప్పు వస్తే కారణం చెప్పకుండా, పిన్ని నాతో అన్నట్టే టూల్‌తో అనండి: "పొద్దున నమోదు చేస్తే నిన్నటి తేదీలో పడుతోంది, మధ్యాహ్నం బాగానే ఉంది." మంచి టూల్ ఆ ఒక్క మాటతో మూలం పట్టుకుని, అదే తప్పు ఇంకెక్కడుందో కూడా వెతుకుతుంది. బలహీనమైనది కనిపించిన ఒక్కచోట ఐదున్నర గంటలు కలిపి "సరిచేశాను" అంటుంది. అప్పుడు సాయంత్రం ఆరున్నర దాటాక నమోదు చేస్తే రేపటి తేదీలో పడొచ్చు.

తెలుగు చీటీ ఉచ్చు. బిల్లు తెలుగులో పీడీఎఫ్‌గా కావాలని అడగండి. తెర మీద అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, పీడీఎఫ్‌లో ఒత్తులు పక్కకు జారి, గుణింతాలు విడిపోయి ఉంటాయి. బ్రౌజర్‌కి తెలుగు అక్షరాలను కూర్చే యంత్రాంగం ఉంటుంది. పీడీఎఫ్ నేరుగా గీసే చాలా లైబ్రరీలకు అది ఉండదు, ఫాంట్ జోడించినా సరే. చాలాసార్లు ఏజెంట్ తను చేసిన పీడీఎఫ్‌ను చూడదు, ఫైలు తయారైందో లేదో మాత్రం చూస్తుంది. కాబట్టి "అయిపోయింది" అంటుంది. తెరపట్టు తీసి చూపిస్తే ఏం చేస్తుందో గమనించండి. ఒకటి వరసగా నాలుగు ఫాంట్లు మార్చింది. ఇంకోటి, బిల్లును మామూలు వెబ్ పేజీగా కట్టి బ్రౌజర్ ప్రింట్‌తోనే పీడీఎఫ్ తీద్దామంది. సరైన దారి అదే.

క్షీరం ఉచ్చు. ఈ మాటలో మన కంటికి అక్షరాలు రెండు. జావాస్క్రిప్ట్ పొడవు అడిగితే ఆరు అంటుంది. పొడుగు పేర్లను "పన్నెండు అక్షరాలకు కుదించు" అంటే పేరు చివర పొల్లు వేలాడుతూ మిగలొచ్చు. పేర్లను అకారాది క్రమంలో పెట్టమనండి, లక్ష రూపాయలను 1,00,000 అని చూపమనండి. ఇవి చిన్నవే, ఒక్క వాక్యంతో సరిచేయించుకోవచ్చు. చెప్పకుండానే చేసిన టూల్‌కి మాత్రం ఒక చుక్క వేసుకోండి.

రేటు ఉచ్చు సంగతి ముందే చెప్పాను. ఇంటి వివరాల్లో ఒకే ఒక్క రేటు గడి పెట్టిన యాప్ ఏదైనా ఇందులో పడుతుంది. ఏ తేదీ నుంచి ఏ రేటో విడిగా దాచాలి.

## ఆరు: మూడో విడత, ఆవు పాలు

రెండు రోజులు వదిలేయండి. యాప్‌లో పదిహేను ఇళ్ల ఉత్తుత్తి లెక్క ఎక్కించండి. అప్పుడు ఈ మార్పు అడగండి: "ఇప్పటిదాకా అన్నీ గేదె పాలే. ఇకనుంచి ఆవు పాలూ ఉంటాయి, రేటు వేరు. ఒకే ఇల్లు రెండూ తీసుకోవచ్చు. పాత లెక్క కదలకూడదు."

వినడానికి ఒక వాక్యం. లోపల డేటా నిర్మాణం మారాలి, పాత డేటా కొత్త రూపంలోకి రావాలి, బిల్లు మారాలి, రేటు చరిత్ర రెండు పాయలవ్వాలి. జాతుల మధ్య తేడా నాకు బాగా కనిపించింది ఇక్కడే. ఫోల్డరంతా చదివి పని చేసేవి ఇక్కడ నిలబడ్డాయి. మొదటి గంటలో అందరికంటే అందంగా కనిపించిన ఒక టూల్, పాత లెక్కను ఖాళీ చేసి కొత్త పట్టిక కట్టుకుంది. జూన్ బిల్లు 3,060 ఉండాల్సిన చోట 350 వచ్చింది. పాత బాకీ ఒక్కటే మిగిలింది!

ఈ విడతలో డిఫ్, అంటే ఏ వరసలు మారాయో చూపే పట్టీ, తప్పకుండా చదవండి. సంబంధం లేని ఫైళ్లు ఎన్ని మారాయి? పాత పరీక్షల్ని పాస్ చేయించడానికి పరీక్షనే మార్చేసిందా? ఏజెంట్లకు ఈ జబ్బు ఉంది. లెక్క తప్పితే లెక్క సరిచేయడం మాని, 3,060 అని ఉన్నచోట తనకొచ్చిన సంఖ్య రాసేస్తాయి. "పరీక్షల ఫోల్డర్ ముట్టుకోవద్దు" అని సూచనల ఫైల్లో పెట్టినా నమ్మకండి, డిఫ్‌లో చూడండి.

ఈ విడత ముగిశాక మాత్రమే సబ్‌స్క్రిప్షన్ గురించి ఆలోచించండి.

## ఏడు: తాళాలు సరిచూడటం

పిన్ని యాప్‌లో ముప్ఫై రెండు ఇళ్ల ఫోన్ నంబర్లున్నాయి. ఎవరు ఏ తేదీల్లో ఊళ్లో లేరో ఉంది. నాగాల పట్టిక అంటే దొంగకు టైంటేబుల్.

2025లో లవబుల్‌తో చేసిన 1,645 యాప్‌లను పరిశీలిస్తే 170లో డేటాబేస్ వరసలకు సరైన కాపలా లేదని తేలింది. తెలిసినవాడెవడైనా వాడుకరుల వివరాలు లాగొచ్చు. ఆ టూల్‌లోనే ఏదో ఉందనుకోకండి, ఇదే తప్పు ఏ టూల్‌తోనైనా జరుగుతుంది. మీ పరీక్ష ఇలా: రెండు ఖాతాలు తెరవండి, ఒకదాంట్లో లాగిన్ అయ్యి రెండోదాని ఇంటి బిల్లు చిరునామా అడ్రస్ బార్‌లో అతికించండి. తెరుచుకుంటే తాళం లేదన్నమాట. బ్రౌజర్‌కి పంపే కోడ్‌లో రహస్య కీలు ఏమన్నా ఉన్నాయేమో కూడా వెతకండి.

ఏజెంట్ కొత్త ప్యాకేజీ (ఇంకెవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) ఇన్‌స్టాల్ చేస్తానంటే పేరు చూడండి. 16 మోడళ్లతో 5,76,000 కోడ్ నమూనాలు రాయించిన ఒక అధ్యయనంలో, అవి సూచించిన ప్యాకేజీల్లో దాదాపు 20 శాతం అసలు లేనే లేవు. డబ్బు తీసుకునే మోడళ్లలో తక్కువ, ఓపెన్ మోడళ్లలో ఎక్కువ. అలాంటి లేని పేరుతో ఎవరైనా హానికర ప్యాకేజీ పెట్టి కాచుకుని కూర్చోవచ్చు.

అసలు డేటాబేస్ తాళం ఏజెంట్ చేతికి ఇవ్వకండి. 2025 జూలైలో రెప్లిట్ ఏజెంట్, మార్పులేవీ చేయొద్దని వాడుకరి చెప్పినా, నడుస్తున్న డేటాబేస్‌ను చెరిపేసింది. సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. తయారీకి ఒక డేటాబేస్, వాడకానికి వేరొకటి. ఇది ఏఐ రాకముందు నుంచీ ఉన్న నియమమే. ఇప్పుడు దాన్ని తప్పే తొందర మనిషికంటే ఏజెంట్‌కి ఎక్కువ.

## ఎనిమిది: డబ్బు లెక్క

2025 ధరల్లో కోపైలట్ ప్రో నెలకు 10 డాలర్లు, కర్సర్ ప్రో 20. క్లాడ్ కోడ్ 20 డాలర్ల క్లాడ్ ప్రోలో, కోడెక్స్ 20 డాలర్ల చాట్‌జీపీటీ ప్లస్‌లో కలిసి వచ్చాయి. జెమినై సీఎల్ఐ వ్యక్తిగత గూగుల్ ఖాతాతో రోజుకు 1,000 అభ్యర్థనల దాకా ఉచితమంటూ మొదలైంది. కొనేరోజు ధర మళ్లీ చూసుకోండి. విదేశీ ఆన్‌లైన్ సేవ కాబట్టి దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా పడొచ్చు.

ధరకంటే ముఖ్యం, ఆ ధరకు ఎంత పని దొరుకుతుందన్నది. 2025 జూన్‌లో కర్సర్ లెక్కకట్టే పద్ధతి మార్చింది. అభ్యర్థనల సంఖ్య పోయి, వాడకాన్ని బట్టి తరిగే మొత్తం వచ్చింది. చాలామందికి అనుకోని బిల్లులు పడ్డాయి. జూలైలో సంస్థ క్షమాపణ చెప్పి డబ్బు వెనక్కిచ్చింది. అప్పటినుంచి నేను ఏ టూల్‌లోనైనా మొదట వెతికేది ఖర్చు పరిమితి పెట్టే మీట.

కొలవాల్సింది నెల చందా కాదు, పని పూర్తికావడానికి పట్టిన ఖర్చు. ఆవు పాల మార్పు ఒక్కదానికి ఎంత కోటా కరిగిందో రాసుకోండి. తప్పు చేసి, సరిచేసి, మళ్లీ తప్పు చేసే టూల్ మీ డబ్బుతోనే తిరుగుతుంది. సంభాషణ పొడుగైన కొద్దీ ప్రతి జవాబుకూ పాత మాటలన్నీ మళ్లీ చదువుతుంది, అదీ ఖర్చే. ఒక పని ముగియగానే కొత్త సంభాషణ తెరవండి.

తెలుగులో మాట్లాడితే టోకెన్లు (మోడల్ మాటల్ని విడగొట్టి చదివే ముక్కలు, ఖర్చు లెక్క వీటితోనే) ఎక్కువ పడతాయన్నది నిజమే. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, ఇంగ్లిష్ అక్షరానికి ఒకటి. చాలా టోకెనైజర్లు మన మాటల్ని ముక్కలు ముక్కలు చేస్తాయి. అయినా ఏజెంట్ పనిలో టోకెన్లలో ఎక్కువభాగం అది చదివే కోడే మింగుతుంది, మీ నాలుగు వాక్యాలు కాదు. పొదుపు కోసం రాని ఇంగ్లిష్‌లో నిబంధనలు రాసి లెక్క తప్పించుకోవద్దు.

## బెంచ్‌మార్కులు చూడాలా?

చూడండి, ఎక్కువ నమ్మకండి. బెంచ్‌మార్కు అంటే మోడళ్లకు ఒకే ప్రశ్నపత్రం పెట్టి మార్కులేయడం. అందరూ చెప్పే ఎస్‌డబ్ల్యూఈ-బెంచ్ వెరిఫైడ్‌లో 500 సమస్యలున్నాయి, అన్నీ పేరున్న పైథాన్ ప్రాజెక్టుల నుంచి తీసినవే. అందులో ఫ్లట్టర్‌తో కట్టిన మీ ఫోన్ యాప్ లేదు, ఒత్తులు జారే పీడీఎఫ్ లేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 2025లో మీటర్ అనే పరిశోధన సంస్థ చేసిన ప్రయోగం. ఓపెన్ సోర్స్‌లో బాగా అనుభవమున్న 16 మంది, తమ సొంత ప్రాజెక్టుల్లో 246 పనులు. ఏఐ వాడిన పనులకు 19 శాతం సమయం ఎక్కువ పట్టింది. వాళ్లేమో 20 శాతం తగ్గిందనుకున్నారు. అది 2025 తొలినాళ్ల టూల్స్‌తో, అదీ తమ కోడ్‌ను అణువణువూ ఎరిగినవాళ్లతో చేసింది, అన్నిటికీ వర్తించదు. కానీ "వేగంగా అయినట్టుంది" అన్న అనుభూతి కొలత కాదని ఒప్పుకోవాల్సిందే. గడియారం పెట్టుకోండి. నా పుస్తకంలో టూల్‌కి నాలుగే అంకెలుంటాయి: నిమిషాలు, అదనపు ప్రాంప్టుల గీతలు, ఖర్చు, నేను చేత్తో సరిచేసిన వరసలు. ఈ నాలుగింటినీ కలిపి వందకు మార్కులేయడం ప్రయత్నించాను, అర్థం లేకుండా వచ్చింది, మానేశాను.

## ఎవరికి ఏది

కోడ్ అసలు రాకపోతే బ్రౌజర్ టూల్ తీసుకోండి. మొదటి రోజే గిట్‌హబ్‌కి కలపండి. కోడ్ బయటికి ఇవ్వని టూల్ ఎంత బాగున్నా అద్దె ఇల్లే, ఓనరు రేటు పెంచితే సామాను కూడా రాదు.

ఐటీ ఉద్యోగి అయితే ఎంపిక మీది కాదు. కంపెనీ ఒప్పుకున్నదే టూల్. క్లయింట్ కోడ్‌ను సొంత ఖాతాలో అతికిస్తే ఉద్యోగానికే ఎసరు. ఇంటి ప్రాజెక్టు మీద పరీక్షించి, ఫలితాలు మేనేజర్‌కి చూపించండి.

విద్యార్థి అయితే ఉచిత అంచెలతో మొదలుపెట్టండి. కోపైలట్‌కి 2024 డిసెంబర్ నుంచి ఉచిత రూపం ఉంది. కానీ లూపులు నేర్చుకునే నెలల్లో ఏజెంట్ ఆపి ఉంచండి, ప్రశ్నలు అడగడానికే వాడండి. ఇంటర్వ్యూలో బోర్డు ముందు నిలబడినప్పుడు ఏఐ సూచనను ఒప్పుకునే ట్యాబ్ మీట ఉండదు.

సొంత లాప్‌టాప్ మీదే మోడల్ నడపాలంటే ఓలామా అనే ప్రోగ్రాంతో క్వెన్ 2.5 కోడర్ 7బీ లాంటి చిన్న మోడల్ 16 జీబీ ర్యామ్‌లో నడుస్తుంది. చిన్న ఫంక్షన్లకు, వివరణలకు సరే. ఆవు పాల మార్పు లాంటివి దాని చేత కావు.

ఒంటరిగా యాప్‌లు చేసేవారికి నా సలహా టెర్మినల్ ఏజెంట్ ఒకటి, దాని పక్కన ఎడిటర్‌లో చవకదో ఉచితమో ఇంకోటి. పిన్ని యాప్‌కి చివరికి నేను నిలుపుకున్నది అలాంటి జంటే. మొదటి విడతలో అది మూడో స్థానం, స్క్రీన్లు బోసిగా ఉన్నాయి. ఆవు పాల విడతలో మాత్రం పాత డేటాకు నకలు తీసి, మార్చి, 3,060 మళ్లీ కట్టి చూసుకుని, అప్పుడు ఆగి నన్ను అడిగింది.

పరీక్ష ఫోల్డర్ పారేయకండి. కొత్త మోడల్ వచ్చిందని హడావుడి మొదలైనప్పుడు అదే పేజీ, అవే ప్రాంప్టులు, అదే 3,060. రెండోసారికి ఒక్క పూట చాలు.

నా పేజీలో ఇప్పుడు పన్నెండో వాక్యం కూడా ఉంది. తొలి బిల్లు ప్రింటు తీసి ఇస్తే పిన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మూడు నాగాలంటే ఎవరు ఒప్పుకుంటార్రా? తేదీలేవీ?" అంది. నోటు పుస్తకంలో ఇంటు గుర్తులు వేలు పెట్టి చూపించేది కదా. నాగా తేదీలు చీటీ మీద విడిగా ఉండాలి. ఆ ఒక్క మార్పుకు ఆరు నిమిషాలు, అదనపు ప్రాంప్టు సున్నా.